అందరికీ ఒకటే సూది

చేసింది మీరు. పేరు రాసింది బాబాయ్‌ది.

అద్దాల గదుల్లో కూర్చుని ఫైళ్ళు పక్కకి నెట్టేవాళ్ళు, "ఇన్నాళ్ళూ నడిచింది కదా, ఇప్పుడేం కొంప మునిగింది" అని నవ్వి ఊరుకున్నవాళ్ళు, మీరే. ఒక రోగికి గుచ్చిన సూదిని ఇంకో రోగికి గుచ్చితే ఆ నర్సును నిలబెట్టి కడిగేస్తారు. అదే ఆసుపత్రిలో, కింది అంతస్తులో, ఒకటే సూదిని ఏళ్ళ తరబడి ఆసుపత్రి మొత్తానికీ గుచ్చుతుంటే మీ కంటికి ఆనలేదు. ఆనలేదా, ఆననివ్వలేదా? వికటించిన రోజున ఆ సూది ఎవరి చేతిలో కనబడితే వాడి మెడకు తాడు బిగించి చేతులు దులుపుకున్నారు. ఎలా జరిగిందో వినండి. మధ్యలో లేచిపోకండి.

కంప్యూటర్ సెక్షన్ తలుపు తోసుకుని డయాలసిస్ వార్డు సిస్టర్ లోపలికి వచ్చినప్పుడు అక్క ఫోనులో ఉంది. అక్క ఆ సెక్షన్లో సర్వర్లు చూసుకునే ఇంజనీరు. అటెండర్ల దగ్గర్నించి డాక్టర్ల దాకా ఆమెను అక్కా అనే పిలుస్తారు. అదే సెక్షన్లో కాంట్రాక్టు మీద పనిచేసే, వయసు మళ్ళిన బాబాయ్ ఒక్కడే "అమ్మాయ్" అంటాడు.

"మా స్క్రీన్ ఖాళీగా ఉంది," అంది సిస్టర్. లిఫ్టు కోసం ఆగకుండా మెట్లన్నీ పరుగున దిగి వచ్చింది. మాట కంటే ముందు ఆయాసం వస్తోంది. ఒక చేతికి గ్లౌజు ఇంకా అలాగే ఉంది. "ఇవాళ స్లాట్లు లేవు. రేపు లేవు. వచ్చే నెల లేవు. ఒక్క పేషెంటు పేరు లేదు."

"రీఫ్రెష్ కొట్టారా సిస్టర్?"

"కొట్టాను. ఇంకోసారి కొట్టమంటే మిమ్మల్నే కొడతాను."

మూలన పెద్దమ్మ ముందు కూర్చున్న బాబాయ్ ఆ మాటకి నవ్వాలి. మామూలుగా అయితే ఇంకో మాట కలిపి నవ్వేవాడు. నవ్వలేదు.

పెద్దమ్మ మనిషి కాదు. గోడవారగా ఉన్న పాత కంప్యూటర్. మందుల స్టోరు నుంచి మార్చురీ దాకా ఆసుపత్రిలో ఏ సర్వర్లోకి పోవాలన్నా పెద్దమ్మ ముందు కూర్చోవలసిందే. తాళాలన్నీ దాని కొంగునే ఉన్నాయి. ఎవరికి కావలసిన పనిముట్టు వాళ్ళు తెచ్చి అందులో పడేశారు తప్ప తీసినవాడు లేడు. ఆపితే మళ్ళీ లేస్తుందో లేదో అన్న భయంతో దాన్ని ఎవరూ ఆపలేదు. దాని ఫ్యాను చప్పుడుకి అలవాటు పడి, ఆ గదిలో వాళ్ళందరూ బయట కూడా కాస్త గట్టిగా మాట్లాడతారు.

లోపలికి పోవాలంటే పాస్‌వర్డుతో పాటు ఒక కోడు కూడా కావాలి. ఆ కోడు సెక్షన్ హెడ్డు ఫోనుకే వస్తుంది. అందుకే ఆయనకు ఓటీపీ సారని పేరు. ఆయన మీటింగులో ఉంటారు, భోజనంలో ఉంటారు, సూపరింటెండెంటు గదిలో ఉంటారు. ప్రతి పనికీ కోడు అడిగితే ఆయనకు చిర్రెత్తుకొస్తుంది. అందుకని ఆ సెక్షన్లో ఆయన ఒక మర్యాద అలవాటు చేశారు. పని అయిపోయినా విండో మూయకూడదు. తర్వాత వచ్చేవాళ్ళ కోసం తెరిచి ఉంచాలి. మూసినవాడు తోటివాళ్ళ కష్టం తెలియనివాడు. మానిటర్ అంచున ఒక చీటీ కూడా ఉండేది, ఎర్ర స్కెచ్చుతో సారు స్వయంగా రాసి అంటించింది: దయచేసి మూయవద్దు.

"అమ్మాయ్," అన్నాడు బాబాయ్. "ఒకసారి ఇటు రా."

అక్క వెళ్ళి ఆయన భుజం మీదుగా చూసింది. పెద్దమ్మ తెర మీద నాలుగు నల్ల విండోలు. నాలుగూ ఒక్క అచ్చులో పోసినట్టున్నాయి. నాలుగింట్లోనూ తెల్ల గీత మిణుకుమిణుకుమంటోంది. కొత్తగా చేరిన రిసెప్షన్ వాళ్ళకి ఆ రోజు శిక్షణ. శిక్షణ కోసం అసలు సిస్టమ్‌కి నకలు ఒకటి ఉంటుంది. అందులో పాత స్లాట్లన్నీ తుడిచి శుభ్రంగా పెట్టడం బాబాయ్ పని. తుడిచాడు. ముందున్న విండోలో ఆయన కొట్టిన కమాండ్, దాని కింద "పూర్తయింది" అన్న మాట.

అక్క మౌస్ అందుకుని పైకి జరిపింది. ఆ విండో ఏ సిస్టమ్‌దో చెప్పే చిన్న అక్షరాలు ఎక్కడో పైన, కనబడకుండా పోయి ఉన్నాయి. అసలు సిస్టమ్. ఇంకాస్త పైకి జరిపింది. అక్కడ ఇంకో కమాండ్ ఉంది. వార్డులో ఒకే పేషెంటుకి రెండు స్లాట్లు పడితే ఒకటి సరిచేసిన కమాండ్. అది బాబాయ్ కొట్టింది కాదు.

అది అక్క కొట్టింది. పొద్దున రాగానే సారుని బతిమాలి కోడు తీసుకుని ఆ పని చేసింది. అయిపోయాక కుర్చీలోంచి లేచింది. విండో తెరిచే ఉంచింది, మర్యాద తప్పకుండా.

"నకల్లో ఉన్నాననుకున్నానమ్మా," అన్నాడు బాబాయ్. రెండు చేతులూ కీబోర్డు మీంచి తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు, అవి ఎక్కడ ఏం ముట్టుకుంటాయోనని భయపడినట్టు.

అక్క మౌస్ వదిలేసి సిస్టర్ వెనకే మెట్లెక్కి వార్డుకి పోయింది.

*

వార్డు ముందు బెంచీల నిండా జనం. మంచినీళ్ళ సీసా ఒళ్ళో పెట్టుకుని తాగకుండా చూస్తూ కూర్చున్నవాళ్ళు. వాళ్ళకి నీళ్ళు కూడా కొలతే. లోపల డయాలసిస్ మెషిన్లన్నీ బాగానే ఉన్నాయి. నీళ్ళున్నాయి, కరెంటు ఉంది, నర్సులున్నారు. కానీ ఒక్కో పేషెంటుకి వాడే గొట్టాలు, వడపోత సామాను స్టోరు వాళ్ళు ఇవ్వాలి. స్లాటు నంబరు కంప్యూటర్లో కనబడనిదే ఇవ్వకూడదని పైనుంచి ఆర్డరు. కాగితం పద్ధతి ఎప్పుడో ఎత్తేశారు.

"నేను రాసిస్తాను, సంతకం పెడతాను, వేలిముద్ర కావాలంటే అదీ వేస్తాను," అని సిస్టర్ స్టోరు వాడితో ఫోనులో అరుస్తోంది. "మనిషి ఎదురుగా కూర్చుంది కదయ్యా! నంబరు లేదని మనిషి లేకుండా పోతుందా?"

సూపరింటెండెంటు కిందామీదా పడి ఒక దారి చెప్పాడు. ప్రాణం మీదికి వచ్చినవాళ్ళకి మాత్రం అత్యవసర కోటాలోంచి ఇవ్వండి. మిగతావాళ్ళు డేటా తిరిగి వచ్చాక రావాలి.

ప్రాణం మీదికి ఎవరికి వచ్చిందో, ఎవరికి రాలేదో ఆ వరండాలో నిలబడి తేల్చాల్సిన పని సిస్టర్ మీద పడింది.

బెంచీ చివర కూర్చున్న టైలరమ్మ తనే లేచింది. ఆ వార్డుకి పాత మనిషి; నర్సుల జాకెట్లన్నీ ఆమె కుట్టినవే. కాళ్ళు అప్పటికే ఉబ్బి చెప్పుల పట్టీలు మాంసంలోకి దిగి ఉన్నాయి.

"నేను రేపొస్తాలే సిస్టరమ్మా. ఆ పెద్దాయన్ని ముందు చూడు. అరువు ఊపిరి తీస్తున్నాడు."

"అమ్మా, కూర్చో," అంది ఆమె కూతురు, చెయ్యి పట్టుకుని లాగుతూ. "అందరికీ దారి ఇవ్వడం నీకు జబ్బు. కిడ్నీల కంటే ముందు దానికి మందు వెయ్యాలి."

"ఊరుకోవే. ఒక్క రోజు. పోతానా ఏమన్నానా."

వెళ్ళిపోయింది. సిస్టర్ ఆపలేదు. ఆపితే ఇంకొకరిని పంపాలి.

పెద్దాయనకు సూది గుచ్చుతున్నప్పుడు అక్క పక్కనే ఉంది. ఏం చెయ్యాలో తెలియక, కిందికి పోయే మొహం లేక నిలబడింది. సిస్టర్ కొత్త ప్యాకెట్టు చించింది. టక్కున సూది తీసింది, దూదితో తుడిచింది, గుచ్చింది, ప్లాస్టరు వేసింది. మొదటిది సరిగ్గా దిగకపోతే దాన్ని మూలనున్న డబ్బాలోకి విసిరింది. వంగి చూడను కూడా లేదు. ఇంకో ప్యాకెట్టు చించింది.

"అసలేం జరిగింది? ఎవరు చేశారు?" అంది, కళ్ళు ఎత్తకుండా.

అక్క చెప్పింది. పెద్దమ్మ గురించి, విండోల గురించి, మర్యాద గురించి. పొద్దున తెరిచి వదిలింది ఎవరన్నది మాత్రం చెప్పలేదు. తర్వాత, "వేరే పద్ధతి ఉంది సిస్టర్," అంది. "పని పడినప్పుడు ఆ పని కోసమే ఒక చిన్న సర్వర్ని పుట్టిస్తాం. చేత్తో పట్టుకునే మెషిన్ కాదు, పెద్ద సర్వర్ లోపలే తయారయ్యే వర్చువల్ మెషిన్. టీ తాగేలోపు లేస్తుంది. ఆ ఒక్క పనికి కావలసిన పనిముట్టు, ఆ ఒక్క గది తాళం, అంతే దాని దగ్గర ఉంటుంది. శిక్షణ కోసం పుట్టింది శిక్షణ సిస్టమ్‌నే ముట్టుకోగలదు. మీ వార్డు ఎటు ఉందో కూడా దానికి తెలియదు. పని అవగానే తాళంతో సహా చెరిపేస్తాం. తర్వాతి పనికి ఇంకోటి."

"వాడి పారేసేది."

"అదే."

"ఖర్చా?"

"మీ చేతిలో దూదంత కూడా కాదు."

సిస్టర్ అప్పుడు కళ్ళెత్తింది. "మరి మీరు చేస్తున్నదేంటి? అన్నిటికీ ఆ మూలనున్నదేనా? మా వార్డుకీ అదే, స్టోరుకీ అదే, బిల్లులకీ అదేనా?"

"అదే."

"అందరికీ ఒకటే సూదా?"

అక్క తల దించుకుంది.

"కడగకుండానా?" అంది సిస్టర్, డబ్బాలోకి ఇంకో ప్యాకెట్టు తొడుగు విసురుతూ. "ఛీ."

*

ఆ రాత్రికి ఓటీపీ సారు సెలవిచ్చారు: బ్యాకప్ నుంచి స్లాట్లు తిరిగి తీసుకురావాలి, అక్కే చెయ్యాలి. తెల్లారేసరికి మొదలుపెట్టింది. పెద్దమ్మ ముందు కూర్చోలేదు. తన బల్ల దగ్గరే కూర్చుని కొత్త సర్వర్ ఒకటి పుట్టించింది. అందులో బ్యాకప్ పనిముట్టు ఒక్కటి పెట్టింది, డయాలసిస్ సిస్టమ్ తాళం ఒక్కటి ఇచ్చింది. సారుని కోడు అడిగింది. ఎక్కడ వాడుతున్నావని సారు అడగలేదు. ఆయనకి కావలసింది పని అవడం.

పేర్లు ఒక్కొక్కటే తిరిగి వచ్చాయి. సిస్టర్‌తో ఫోనులో సరిచూసుకుంటూ, తేడాలు దిద్దుకుంటూ సాయంత్రం దాకా పట్టింది. అయిపోగానే అక్క ఆ సర్వర్ని చెరిపేసింది. తెర మీద ఏమీ మిగల్లేదు. ఎవరికోసమూ తెరిచి ఉంచవలసిన తలుపు లేదు. ఇంత చిన్న పని. చేయి దులుపుకున్నంత పని. అక్కకి ఏడుపు రాలేదు, మండింది. ముందు తన మీద మండింది.

అప్పుడే బయట స్ట్రెచర్ చక్రాల చప్పుడు. టైలరమ్మ కూతురు పక్కనే పరిగెడుతోంది, ఒక చేత్తో తల్లి మొహం మీది మాస్కు పట్టుకుని. "నీళ్ళు ఊపిరితిత్తుల్లోకి ఎక్కాయంట," అని చెప్పాడు అటెండరు. "ఐసీయూకి తీసుకుపోతున్నారు."

అక్క సెక్షన్లోకి వచ్చేసరికి సారు పెద్దమ్మ దగ్గర వంగి నిలబడి ఉన్నారు. గోటితో మానిటర్ అంచు గీకుతున్నారు. చీటీ ఆయన రెండో చేతిలో ఉంది. అది ఉన్నచోట ప్లాస్టిక్కు తెల్లగా, శుభ్రంగా, చుట్టూ ఉన్న దుమ్ములో గాయంలా కనబడుతోంది. నాలుగు మూలలా జిగురు మచ్చలు మాత్రం పోలేదు.

"రేపు విచారణ," అన్నారు సారు, చీటీని ఉండ చుట్టి జేబులో వేసుకుంటూ. "పైనుంచి మేడమ్ వస్తోంది. భయపడకు. నీ పేరు నేను ఎక్కడా రాయలేదు."

"ఎందుకు రాయలేదు సార్?"

"నువ్వేం చేశావని? కమాండ్ కొట్టింది ఆయన. పెద్దవాడైపోయాడు పాపం, చూపు ఆనడం లేదు. కాంట్రాక్టు ఎలాగూ అయిపోవస్తోంది."

"పాపం అంటూనే రాశారా?"

సారు ఆ మాట విననట్టు నటించారు. "ఇంకో సంగతి. నువ్వు అప్పుడు మీటింగులో చూపించావే, ఆ పుట్టి చచ్చే మెషిన్లు... వాటి ఊసు రేపు ఎత్తకు."

"ఎత్తితే?"

"మరి ఎందుకు పెట్టలేదని అడుగుతారు."

"ఎందుకు పెట్టలేదు సార్?"

ఆయన ఆమె వైపు చూశారు. మొహం మాడింది. "ప్రతి పనికీ కొత్త మెషిన్, ప్రతిసారీ నేను కోడు చెప్పాలి! నాకింకేం పనిలేదా?" అనేసి వెళ్ళిపోయారు.

బాబాయ్ తన బల్ల సొరుగు ఖాళీ చేస్తున్నాడు. ఎవరూ చెయ్యమనలేదు. విచారణ అయ్యేదాకా కంప్యూటర్లు ముట్టుకోవద్దని మాత్రమే కాగితం ఇచ్చారు. కళ్ళజోడు గుడ్డ, ఒక పాత గొడుగు, జలుబు మందు సీసా, వరసగా బల్ల మీద పేర్చాడు.

"ఇంత ఆస్తి ఉందని తెలిస్తే నన్ను ఎప్పుడో దోచుకునేవాళ్ళు," అన్నాడు.

"బాబాయ్, సొరుగులో పెట్టెయ్. ఏమీ అవ్వదు."

"పోయేది ఉద్యోగం కాదమ్మా, పరువు." గొడుగు విప్పి చూసి మళ్ళీ ముడిచాడు. "కళ్ళు కనబడవంట. కాగితంలో అలాగే రాశారు. ఇంటికి పోతే మా ఆవిడ అడుగుతుంది, నిజమేనా అని. నిన్నటి నుంచి దూరంగా ఉన్న బోర్డులన్నీ చదువుకుంటూ తిరుగుతున్నాను. అన్నీ కనబడుతున్నాయే! బస్సు నంబరు కనబడుతోంది. ఎదురింటి మేడ మీద ఆరేసిన బట్టలు కనబడుతున్నాయి. మరి ఆ విండో ఎందుకు కనబడలేదంటావ్?"

అక్క ఆ కుర్చీ పక్కన నిలబడింది. చెప్పాలి. ఇప్పుడే చెప్పాలి. అది నేను వదిలిన విండో బాబాయ్. ఆ మాట గొంతు దాకా వచ్చి చేప ముల్లులా అడ్డం పడింది.

"టీ తాగుతావా?" అంది.

*

ఇంట్లో అక్క అన్నం ముందు కూర్చుని వేళ్ళతో మెతుకులు అటూ ఇటూ జరుపుతోంది. భర్త బల్ల మీద బండి విడిభాగాలు పరచుకుని నూనె గుడ్డతో తుడుస్తున్నాడు. వర్క్‌షాపు పని ఇంటికి తెచ్చుకోవద్దని అత్తగారు ఎన్నిసార్లు చెప్పినా వినడు.

"నీ పేరు ఎవరూ ఎత్తలేదు కదా," అన్నాడు.

"ఎత్తలేదు."

"మరి నువ్వే ఎత్తుకుపోయి వాళ్ళ చేతిలో పెడతావా? పర్మనెంటు ఉద్యోగం. ఆయనకి ఎలాగూ అయిపోవస్తోంది."

"అచ్చం మా సారులా మాట్లాడావ్."

"తిట్టాలనుకుంటే తిట్టు. పోలిక మాత్రం తేకు."

అత్తగారు గదిలోంచి వచ్చి కోడలి కంచంలోకి చూసింది, కొడుకు నూనె చేతులు చూసింది. "ఆ బాబాయ్ గారేనా, నీ ప్రమోషన్ రోజున ఇంటికొచ్చి నువ్వు కట్టుకున్న చీర బాగుందని చెప్పకుండా కర్టెన్ బాగుందని చెప్పినాయన?"

అక్కకి నవ్వొచ్చింది. "ఆయనే అత్తయ్యా."

"మంచివాడు. మొహమాటస్తుడు." ఆవిడ కంచం తీసుకుంది. "నువ్వు రెండు రోజులుగా నోరు మూసుకుని తిరుగుతున్నావు. ఇంట్లో గాలి ఆడట్లేదు. నోరు మూసుకోవడం నీకు చేతకాని పని. చేతకాని పని ఎందుకు పెట్టుకుంటావ్?"

"ఉద్యోగం పోతేనో?" అన్నాడు భర్త.

"పోతే నీ బోల్టులు తుడుస్తుంది. నువ్వు ఎలాగూ సరిగ్గా తుడవట్లేదు."

*

విచారణ మేడమ్ మీటింగు హాలు వద్దంది. జరిగినచోటే కూర్చుంటానంది. కంప్యూటర్ సెక్షన్లోనే రెండు బల్లలు కలిపి వేశారు. మేడమ్ ఒక పక్క. ఎదురుగా సారు, బాబాయ్, అక్క. వార్డు తరఫున సిస్టర్. పెద్దమ్మ ఎప్పటిలాగే మూలన రొద పెడుతోంది.

మేడమ్ మాటలు తక్కువ. పెన్ను మూత తీసి రాయడం, మూత పెట్టి వినడం.

"మీరు కళ్ళజోడు ఎప్పుడు మార్చుకున్నారు?" అని బాబాయ్‌ని అడిగింది.

"కిందటేడు అండీ."

"కమాండ్ కొట్టేముందు ఏ సిస్టమ్‌లో ఉన్నారో చూసుకోలేదా?"

"చూసుకోవాలండీ," అన్నాడు బాబాయ్. "చూసుకోలేదు." విండో ఎవరిదో ఆయనకి తెలుసా? అక్క ఆ క్షణం ఆయన వైపు చూసింది. ఆయన బల్ల అంచు చూస్తున్నాడు. ఆ రోజు ఆమె విండో పైకి జరిపినప్పుడు ఆ కుర్చీలో కూర్చున్నది ఆయనే. చదువు వచ్చినవాడే. తెలుసు. మొదటి రోజు నుంచీ తెలుసు, చెప్పలేదు. చూపు ఆనదని రాయించుకున్నాడు గానీ ఆమె పేరు ఎత్తలేదు.

అక్క ఒళ్ళు మండిపోయింది. ఆయన మంచితనం మీద కూడా మండింది. ఎంతమంది ఇలా మంచిగా ఉండి ఈ పెద్దమ్మలని బతికిస్తున్నారో!

"డేటా మొత్తం తిరిగి వచ్చినట్టేనా?" అంది మేడమ్.

"నూటికి నూరు పాళ్ళు!" సారు హుషారుగా లేచారు. "చూపిస్తాను." పెద్దమ్మ ముందు కూర్చున్నారు. పాస్‌వర్డు కొట్టారు. జేబులో ఫోను గుర్రుమంది. కోడు చూసి కొట్టారు. నల్ల విండో తెరుచుకుంది. ఒక కమాండ్ కొట్టగానే పేర్లు బారులు తీరి వచ్చాయి. "ఇదిగో, ఇవాళ్టి స్లాట్లు. ఇవిగో రేపటివి. ఒక్క పేరు తగ్గలేదు." లేచారు. కుర్చీ వెనక్కి నెట్టారు. వచ్చి తన చోట కూర్చుని కాలు మీద కాలు వేసుకున్నారు. "వ్యవస్థలో లోపం లేదు మేడమ్. మనిషి పొరపాటు, అంతే."

మేడమ్ రాసుకుంది. "ఇంకెవరైనా చెప్పేది ఉందా?"

అక్క లేచింది. నడిచి వెళ్ళి పెద్దమ్మ ముందు కూర్చుంది. కుర్చీ ఇంకా వెచ్చగానే ఉంది. రెండు చేతులూ కీబోర్డు మీద పెట్టింది.

"ముట్టుకోకు అమ్మాయ్!"

కేక పెట్టింది బాబాయ్. లేచి నిలబడిపోయాడు. కుర్చీ వెనక్కి పడింది. మొహం తెల్లబోయింది. సారు కాలు మీద కాలు అలాగే ఉంది. ఏం జరుగుతోందో ఆయనకింకా అర్థం కాలేదు.

"భయపడకు బాబాయ్. ముట్టుకోను." అక్క చేతులు పైకి తీసింది. "మేడమ్, నేను ఏ పాస్‌వర్డూ కొట్టలేదు. ఏ కోడూ అడగలేదు. ఇప్పుడు ఒక్క లైను కొట్టి ఎంటర్ నొక్కితే వార్డు మళ్ళీ ఖాళీ. అప్పుడు ఎవరి కళ్ళు కనబడలేదని రాస్తారు?"

మేడమ్ తన కుర్చీని తెర వైపు తిప్పుకుంది.

"అది... ఇప్పుడే కదా తెరిచింది, మూసేస్తాను," అన్నారు సారు, లేస్తూ.

"ఏది మూస్తారు సార్? ఇక్కడ అయిదు ఉన్నాయి. మీరు తెరిచింది ఏది?"

ఆమె కుర్చీ పక్కకి జరిపింది. పేర్లన్నీ పైకి దొర్లిపోయి అయిదింట్లోనూ ఒకే తెల్ల గీత మిణుకుమంటోంది. సారు వంగి చూశారు. జేబులోంచి కళ్ళజోడు తీసి పెట్టుకున్నారు. ఇంకాస్త వంగారు. వేలు ఒక విండో వైపు పోయింది, ఆగింది, పక్కదాని వైపు జరిగింది.

ఆయన వేలు అక్కడ ఆగి ఉండగానే మేడమ్ పెన్నుకి మూత పెట్టింది. తను అంతదాకా రాసిన కాగితాన్ని తిప్పి బోర్లా పెట్టింది.

"ఆ రోజు తెరిచి వదిలింది నేను," అంది అక్క. "బాబాయ్‌కి తెలుసు. చెప్పలేదు. నేనూ రెండు రోజులు చెప్పలేదు. మూయొద్దని చీటీ ఇక్కడ ఉండేది. జిగురు మచ్చలు చూడండి. చీటీ నిన్న సారు జేబులోకి పోయింది."

"తెరిచి ఉంచకపోతే పనులెలా అవుతాయి?" అన్నారు సారు. ఎవరిని అడుగుతున్నారో ఆయనకే తెలియదు.

"నిన్న స్లాట్లు తిరిగి తెచ్చింది పెద్దమ్మ అనుకుంటున్నారా సార్? వాడి పారేసే సర్వర్. పొద్దున పుట్టించాను. సాయంత్రం చంపేశాను. మీరు ఇచ్చిన కోడు దానికే. వెతకండి, ఎక్కడైనా దొరుకుతుందేమో. దాని విండో ఎవడూ తెరిచి వదల్లేడు, ఎందుకంటే అది లేదు."

"నా వార్డులో," అంది సిస్టర్, అప్పటిదాకా నోరు విప్పనిది, "టైలరమ్మ ఇవాళ కళ్ళు తెరిచింది. మాస్కు తీస్తే మొదట అడిగింది ఏంటో తెలుసా? ఆ పెద్దాయనకి స్లాటు దొరికిందా అని." ఆమె సారు వైపు వేలు చూపించింది. "నేను వాడిన సూది మళ్ళీ వాడితే నన్ను జైల్లో పెట్టండి. వీళ్ళని ఎక్కడ పెడతారు?"

మేడమ్ అక్క వైపు తిరిగింది. "ఏం చెయ్యమంటారు?"

అక్క లేచింది. మూడు రోజులుగా గొంతులో అడ్డం పడింది ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"రాయండి. విండో వదిలింది నేను, నా పేరు రాయండి. వదలమన్నది సారు, ఆయన పేరు రాయండి. చూపించిన దారిని చూడకుండా ఫైలు పక్కకి నెట్టింది పై గది, ఆ గదిలో కూర్చున్న ప్రతి ఒక్కరి పేరూ రాయండి. బాబాయ్ మీద రాసింది కొట్టేయండి. రేపు కాదు, పైవాళ్ళని అడిగి కాదు, ఇక్కడే, ఆయన చూస్తుండగా. స్లాటు నంబరు లేకపోయినా సిస్టర్ సంతకంతో సామాను ఇవ్వాలని స్టోరుకి ఇవాళే ఆర్డరు పంపండి. ఇక ఈ ఆసుపత్రిలో ఏ సర్వర్ని ముట్టుకోవాలన్నా ఆ పని కోసం పుట్టిన మెషినే, ఆ పనితో పాటు చచ్చే మెషినే. నాకైనా, సారుకైనా, సూపరింటెండెంటుకైనా రెండోసారి వాడే సూది లేదు. కోడు ప్రతిసారీ అడుగుతాం. సార్, విసుగొస్తే ఆ ఫోను ఇంకొకరికి ఇచ్చి వెళ్ళిపోండి."

"మరి అది?" మేడమ్ మూల వైపు చూపించింది.

అక్క బల్ల కిందికి దూరింది. ఏళ్ళ దుమ్ము, బూజు, చిక్కుబడ్డ తీగలు. వాటిని పక్కకి లాగి, గోడకున్న ప్లగ్గు అందరికీ కనబడేలా చేసింది. మోకాళ్ళ మీద అలాగే ఉండి తల పైకెత్తి ఓటీపీ సారు వైపు చూసింది.

"పీకితే ఆసుపత్రి ఆగిపోతుంది!" అన్నారు సారు.

"ఆసుపత్రి ఆగదు సార్. ఆగేది మన బద్ధకం. రండి. తెరిచి ఉంచమన్నది మీరు. మీ చేత్తోనే పీకండి. ఇప్పుడే."